అమ్మ ఇచ్చిన కిడ్నీ, ముక్కులో చేరిన బూజు: అవయవమార్పిడి తర్వాత వచ్చే సైనస్ శిలీంధ్రవ్యాధికి చికిత్స



ఇంటర్మీడియట్‌లో వృక్షశాస్త్రం చదివినవారికి రైజోపస్ పాత పరిచయమే. తడిపిన బ్రెడ్డు ముక్కను గాజుమూత కింద మూడు నాలుగు రోజులు ఉంచితే దాని మీద తెల్లని దూదిపింజలాంటి బూజు పెరుగుతుంది. ఆ తర్వాత దారాల కొసల్లో నల్లని చుక్కలు కనిపిస్తాయి. అవి సిద్ధబీజాశయాలు. వాటినిండా కంటికి కనిపించని సిద్ధబీజాలు ఉంటాయి. పాతికేళ్ళకు పైగా నేను ఈ ప్రయోగాన్ని విద్యార్థులచేత చేయించాను. మూత తీసి, ముక్కు ఆనించి వాసన చూసే పిల్లలు ప్రతి ఏడూ ఒకరిద్దరైనా ఉండేవారు. ఎవరికీ ఏమీ కాలేదు. ఎందుకు కాలేదు? ఈ పాఠం ఆ ప్రశ్నతో మొదలవుతుంది.

ప్రయోగశాలలో మనం చూసే రైజోపస్ స్టోలోనిఫర్‌కు మన శరీరపు వేడి పడదు. అదొక కారణం. కాని దాని దగ్గరి బంధువు రైజోపస్ అర్రైజస్‌కు 37 డిగ్రీల సెల్సియస్ హాయిగా ఉంటుంది. అదీ మట్టిలో, పెంటకుప్పల్లో, కుళ్ళుతున్న ఆకుల్లో, మన పెరట్లో ఉంటుంది. దాని సిద్ధబీజాలను మనం పీల్చుతూనే ఉంటాం. అవి ముక్కులోని జిగురుపొరకు అంటుకుంటాయి. ఆ పొర కింద ఉండే సన్నని శైలికలు వాటిని గొంతువైపు తోసేస్తాయి. తప్పించుకుని లోపలికి చేరినవాటిని స్థూలభక్షక కణాలు మింగి, మొలకెత్తకుండా పట్టి ఉంచుతాయి. అయినా ఏదైనా మొలకెత్తి తంతువు సాచితే, న్యూట్రోఫిల్ అనే తెల్లరక్తకణాలు గుమిగూడి దాన్ని చంపేస్తాయి. ఈ కాపలా ఇరవైనాలుగు గంటలూ, మనకు తెలియకుండానే జరుగుతుంది.

ఇప్పుడు ఒక మనిషిని ఊహించుకుందాం. ఈయన నిజంగా ఉన్న రోగి కాదు. ఈ వ్యాధి ఎలా నడుస్తుందో చెప్పడానికి మనం కల్పించుకున్న మనిషి. వయసు 38 ఏళ్ళు, బరువు 60 కిలోలు. రెండు కిడ్నీలూ పాడై, రెండేళ్ళపాటు వారానికి మూడుసార్లు డయాలసిస్ చేయించుకున్నాడు. చివరికి తల్లి తన కిడ్నీ ఒకటి ఇచ్చింది. ఆరునెలలు బాగానే గడిచాయి. ఏడో నెలలో రక్తంలో క్రియాటినిన్ పెరిగింది. శరీరం కొత్త కిడ్నీని తిరస్కరించడం మొదలుపెట్టింది. పెద్ద మోతాదులో స్టీరాయిడ్లు ఇచ్చి డాక్టర్లు దాన్ని ఆపారు. దాంతో షుగర్ పెరిగింది. మరి కొన్ని వారాలకు ఎడమబుగ్గ తిమ్మిరెక్కినట్టు అనిపించింది. ముక్కు ఒకపక్క బిగిసింది. జ్వరం లేదు. జలుబు అనుకుని మందులషాపులో ఏవో మాత్రలు తెచ్చుకుని వేసుకున్నాడు.

ఈయన ముక్కులో ఇప్పుడు ఏం జరుగుతోందో తెలియాలంటే, ఈయన రోజూ వేసుకునే మాత్రల సంగతి ముందు తెలుసుకోవాలి.

తలుపు తీసిన మందులు

విజయవంతమైన మొదటి కిడ్నీమార్పిడి 1954 డిసెంబరులో అమెరికాలోని బోస్టన్‌లో జరిగింది. చేసినవారు డాక్టర్ జోసెఫ్ మర్రే. దాత, గ్రహీత ఒకే పోలిక కవలలు. జన్యువులు ఒకటే కనుక తిరస్కరణ సమస్యే రాలేదు. కవల సోదరుడు లేనివారి మాటేమిటి? అక్కడ రోగనిరోధకశక్తిని అణచకుండా పని జరగదు. మన దేశంలో 1971లో వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీలో కిడ్నీమార్పిడి విజయవంతమైంది. 2023 నాటికి దేశంలో అన్ని అవయవాలూ కలిపి ఏడాదికి 18 వేలకు పైగా మార్పిడులు జరిగే స్థితికి చేరాం. ఇంతమంది బతకడానికి కారణం శస్త్రచికిత్స నైపుణ్యం ఒక్కటే కాదు, తిరస్కరణను అడ్డుకునే మందులు కూడా.

ఈ మందుల పుట్టుక చిత్రంగా ఉంటుంది. సైక్లోస్పోరిన్‌ను నార్వేలోని ఒక పీఠభూమి మట్టిలో దొరికిన శిలీంధ్రం నుంచి తీశారు. అసలు వెతికింది శిలీంధ్రాలను చంపే మందు కోసం. ఆ పనికి అది అంతగా అక్కరకు రాలేదు గాని, టి-లింఫోసైట్లను అణచడంలో అది దిట్ట అని 1970లలో తేలింది. నేడు ఎక్కువగా వాడే టాక్రోలిమస్‌ను 1984లో జపాన్‌లో, సుకుబా ప్రాంతపు మట్టిలోని ఒక బాక్టీరియా నుంచి తీశారు. మైకోఫినోలేట్‌కు మూలం పెన్సిలియం జాతి బూజు. అంటే ఒక బూజు ఇచ్చిన మందే ఇంకొక బూజుకు తలుపు తీస్తోందన్నమాట.

మన రోగి మూడు మందులు వాడుతున్నాడు. టాక్రోలిమస్ టి-కణాల్లో కాల్సిన్యూరిన్ అనే ఎంజైమును అడ్డుకుంటుంది. ‘యుద్ధానికి రండి’ అని మిగతా కణాలకు వెళ్ళే రసాయన సంకేతం ఆగిపోతుంది. మైకోఫినోలేట్ లింఫోసైట్లు విభజన చెందకుండా చేస్తుంది. మూడోది ప్రెడ్నిసోలోన్ అనే స్టీరాయిడ్. బూజు విషయంలో ఎక్కువ నేరం ఈ మూడోదానిదే అని చెప్పాలి. బూజును ముందుగా ఎదిరించేవి స్థూలభక్షకాలు, న్యూట్రోఫిల్‌లు అని చెప్పుకున్నాం కదా, స్టీరాయిడ్ వాటినే మందకొడి చేస్తుంది. పైగా షుగర్ పెంచుతుంది. టాక్రోలిమస్ కూడా క్లోమగ్రంథి మీద పనిచేసి షుగర్ పెంచుతుంది. అవయవమార్పిడికి ముందు మధుమేహం లేనివారికి ఆ తర్వాత రావడం అరుదేమీ కాదు.

షుగర్ పెరిగితే బూజుకు ఏం లాభం? దీనికి ఒక సొగసైన జవాబు దొరికింది. మన రక్తనాళాల లోపలి గోడకణాల మీద జి.ఆర్.పి.78 అనే ప్రోటీన్ ఉంటుంది. మ్యూకర్ వర్గపు బూజు ఈ ప్రోటీన్‌ను పట్టుకునే కణంలోకి దూరుతుందని అమెరికా పరిశోధకులు 2010లో చూపారు. రక్తంలో గ్లూకోజ్, ఇనుము పెరిగితే ఈ ప్రోటీన్ కూడా పెరుగుతుంది. రక్తం ఆమ్లగుణానికి తిరిగితే, ఇనుమును గట్టిగా పట్టి ఉంచే ట్రాన్స్‌ఫెరిన్ పట్టు సడలిస్తుంది. ఆ ఇనుము బూజుకు ఆహారం అవుతుంది. 1980లలో డయాలసిస్ రోగుల ఒంట్లో పేరుకున్న అల్యూమినియం, ఇనుము తీయడానికి డిఫెరాక్సమిన్ అనే మందు ఇచ్చేవారు. వారిలో కొందరికి ఈ వ్యాధే వచ్చింది. ఇనుమును పట్టుకున్న ఆ మందును రైజోపస్ తనకు తెచ్చిపెట్టిన కంచంలా వాడుకుందని తర్వాత తెలిసింది.

ముక్కు నుంచి మెదడుకు ఎంత దూరం?

ముక్కుకు ఇరువైపులా, నుదుటి వెనక, కళ్ళ మధ్య ఎముకల్లో గాలి నిండిన గదులుంటాయి. వీటినే సైనస్‌లు అంటాం. కంటికీ, దాని పక్క సైనస్‌కూ మధ్య ఉన్న ఎముక కాగితమంత పలచన. వెనకవైపు సైనస్‌కు ఆనుకుని మెదడుకు వెళ్ళే కెరోటిడ్ ధమని పోతుంది. మామూలు బాక్టీరియా వల్ల సైనస్ వాస్తే చీము పడుతుంది, నొప్పెడుతుంది, చాలావరకు అక్కడే ఆగుతుంది. బూజు అలా ఆగదు. అది రక్తనాళాల గోడలు తొలుచుకుని లోపల పెరుగుతుంది. నాళంలో రక్తం గడ్డకడుతుంది. ఆ నాళం మీద ఆధారపడ్డ కణజాలం రక్తం అందక చచ్చి నల్లబడుతుంది. చచ్చిన కణజాలంలో బూజు మరింత సుఖంగా పెరుగుతుంది. బుగ్గకు స్పర్శ తెచ్చే నరం దెబ్బతినడం వల్లనే మన రోగికి తిమ్మిరి వచ్చింది.

2021లో ‘బ్లాక్ ఫంగస్’ అన్న పేరు ఊరూరా మోగింది మీకు గుర్తుండే ఉంటుంది. ఆ పేరు తప్పు. నల్లగా ఉండేది చచ్చిన కణజాలం. ఆ బూజు తంతువులకు రంగు లేదు. నిజంగా నల్లరంగు ఉన్న శిలీంధ్రాలు వేరే ఉన్నాయి. ఉల్లిపాయ పొరల మీద నల్లగా కనిపించే బూజే ఇది అని అప్పట్లో ప్రచారమైంది. అదీ తప్పే, ఉల్లిమీద ఉండేది ఆస్పర్‌జిల్లస్ నైగర్. ఈ వ్యాధి సరైన పేరు మ్యూకర్‌మైకోసిస్. అది ఒకరి నుంచి ఒకరికి అంటుకోదు. కోవిడ్ రెండో తాకిడిలో మన దేశంలో 45 వేలకు పైగా కేసులు నమోదయ్యాయి. ఆ రోగుల్లో చాలామందికి మధుమేహం ఉంది, చాలామంది స్టీరాయిడ్లు వాడారు. అంటే అవయవమార్పిడి రోగుల్లో ఏళ్ళ తరబడి డాక్టర్లు చూస్తూ వచ్చిన దారే అది. ఆ ఏడాది మే నెలలో తెలంగాణ ప్రభుత్వం ఈ వ్యాధిని తప్పక తెలియజేయవలసిన వ్యాధిగా ప్రకటించింది.

అమెరికాలో 2001–2006 మధ్య అవయవమార్పిడి చేయించుకున్నవారిలో శిలీంధ్రవ్యాధులను లెక్కించిన ఒక పెద్ద పరిశీలనలో సగానికి పైగా కాండిడా, ఐదోవంతు దాకా ఆస్పర్‌జిల్లస్, మ్యూకర్ వర్గం కేవలం 2 శాతం ఉన్నాయి. ఆ లెక్కను మన దేశానికి అలాగే వర్తింపజేస్తే పొరపడతాం. మన దగ్గర మ్యూకర్‌మైకోసిస్ చాలా ఎక్కువని చండీగఢ్‌లోని స్నాతకోత్తర వైద్యసంస్థ పరిశోధకులు ఏళ్ళుగా చెబుతూ వచ్చారు. మన దేశపు సైనస్‌లలో కనిపించే ఇంకొక ముఖ్యమైన బూజు ఆస్పర్‌జిల్లస్ ఫ్లేవస్. వేరుశనగలో అఫ్లాటాక్సిన్ విషాన్ని తయారుచేసేది కూడా అదే.

ఏ బూజు?

ఈ రెండు బూజుల్లో ఏది అన్న ప్రశ్న పండితుల చర్చ కాదు. ఆస్పర్‌జిల్లస్‌కు మొదటి మందు వోరికోనజోల్. 2002లో వెలువడిన ఒక పెద్ద పరీక్షలో, 12 వారాల తర్వాత వోరికోనజోల్ తీసుకున్నవారిలో సుమారు 71 శాతం, ఆంఫోటెరిసిన్-బి తీసుకున్నవారిలో 58 శాతం బతికి ఉన్నారు. కాని అదే వోరికోనజోల్ మ్యూకర్ వర్గం మీద పనిచేయదు. పొరపాటున అదే ఇస్తూ కూర్చుంటే రోజులు పోతాయి, దాంతో కన్ను కూడా పోవచ్చు.

మన రోగి ఆరోరోజున ఆస్పత్రికి వెళ్ళాడు. చెవి ముక్కు గొంతు వైద్యుడు ఎండోస్కోప్‌తో ముక్కులోకి చూశారు. లోపల ఒకచోట కణజాలం పాలిపోయి, మధ్యలో నల్లగా ఉంది. అక్కడ గిచ్చితే నొప్పి లేదు, రక్తం రాలేదు. అనుభవం ఉన్న వైద్యుడికి సగం సంగతి అక్కడే తెలిసిపోతుంది. చిన్న ముక్క తీసి, పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణంలో వేసి సూక్ష్మదర్శిని కింద చూస్తారు. ఆ క్షారం మన కణాలను కరిగిస్తుంది. శిలీంధ్రపు గోడ నిలుస్తుంది. గంటలోపే జవాబు వస్తుంది.

ఇక్కడ మీ పాఠ్యపుస్తకంలోని బొమ్మ పనికొస్తుంది. రైజోపస్ తంతువుల్లో అడ్డుగోడలు ఉండవు అని చదివారు. సూక్ష్మదర్శిని కింద అవి వెడల్పుగా, మడతలు పడ్డ రిబ్బనులా, కొమ్మలు ఇంచుమించు లంబకోణంలో చీలినట్టు కనిపిస్తాయి. ఆస్పర్‌జిల్లస్ తంతువులు సన్నగా, అడ్డుగోడలతో, సుమారు 45 డిగ్రీల కోణంలో చీలి ఉంటాయి. పరీక్షలో రెండు మార్కుల కోసం బట్టీపట్టిన ఈ భేదం మీదే ఇక్కడ మందు ఆధారపడి ఉంది. ఇంకొక సంగతి కూడా దీనినుంచే వస్తుంది. అడ్డుగోడలు లేని తంతువును ఒకచోట తెంపితే లోపలి జీవపదార్థం అంతా కారిపోయి అది చచ్చిపోతుంది. అందుకే ల్యాబులో వర్ధనం చేయడానికి ఆ కణజాలాన్ని నూరకూడదు, చిన్నముక్కలుగా తరగాలి. నూరితే, కణజాలంలో బూజు ఉన్నా వర్ధనంలో ఏమీ మొలవదు.

శిలీంధ్రాల గోడలోని పదార్థాలను రక్తంలో వెతికే పరీక్షలు కొన్ని ఉన్నాయి. ఆస్పర్‌జిల్లస్‌కు అవి కొంత ఉపయోగపడతాయి. మ్యూకర్ వర్గానికి పడవు. రక్తపరీక్షలో ఏమీ లేదని వచ్చినంత మాత్రాన ఊరుకోవడానికి లేదు. వ్యాధి ఎంతవరకు పాకిందో ఎం.ఆర్.ఐ. చూపుతుంది. రంగుమందు ఎక్కించినప్పుడు బతికున్న ముక్కుపొర తెల్లగా వెలుగుతుంది, చచ్చిన భాగం నల్లగా మిగిలిపోతుంది.

మందు, కత్తి, మూడోది

మ్యూకర్‌మైకోసిస్‌కు మొదటి మందు ఆంఫోటెరిసిన్-బి. 1950లలో వెనిజులాలో ఒరినోకో నది ప్రాంతపు మట్టిలోని ఒక స్ట్రెప్టోమైసిస్ బాక్టీరియా నుంచి దీన్ని తీశారు. శిలీంధ్రాల కణత్వచంలో ఎర్గోస్టెరాల్ ఉంటుంది; మన కణాల్లో దానికి బదులు కొలెస్టెరాల్ ఉంటుంది. ఈ మందు ఎర్గోస్టెరాల్‌ను పట్టుకుని త్వచానికి చిల్లులు పెడుతుంది, ఆ స్టెరాల్‌ను పీల్చి లాగేస్తుంది కూడా. అయితే ఎర్గోస్టెరాల్‌కూ కొలెస్టెరాల్‌కూ పోలిక ఎక్కువ, భేదం తక్కువ. అందుకని మందు మన కణాలనూ కొంత గాయపరుస్తుంది. అన్నిటికన్నా ఎక్కువ దెబ్బ తినేది కిడ్నీ. చలి, వణుకు, జ్వరం సరేసరి. పాతకాలపు డాక్టర్లు దీనికి ‘ఆంఫోటెరిబుల్’ అని ముద్దుపేరు పెట్టారు.

మన రోగి చిక్కు ఇప్పుడు మీకు అర్థమవుతోంది కదా? ఆయనకు పనిచేసే కిడ్నీ ఒక్కటే, అమ్మ ఇచ్చినది. ఆంఫోటెరిసిన్ కిడ్నీలోకి రక్తం తెచ్చే సన్నని ధమనిని బిగిస్తుంది. ఆయన రోజూ వేసుకునే టాక్రోలిమస్ కూడా అదే ధమనిని బిగిస్తుంది. రెండూ కలిసి ఒకేచోట దెబ్బతీస్తాయి.

దీనికి కొంత ఉపశమనం 1990లలో వచ్చింది. మందును లైపోసోములనే అతిసూక్ష్మమైన కొవ్వుగోళాల్లో పొదిగారు. ఈ గోళం శిలీంధ్రం చేరేవరకు మందును చాలావరకు తనలోనే పట్టి ఉంచుతుంది. కిడ్నీకి హాని బాగా తగ్గుతుంది. మోతాదు కిలో బరువుకు రోజుకు 5 మిల్లీగ్రాములు. 60 కిలోల మనిషికి 300 మిల్లీగ్రాములు. సీసాలో 50 మిల్లీగ్రాములుంటాయి. రోజుకు ఆరు సీసాలు, కొన్ని వారాలపాటు. ఒక్కో సీసా ఖరీదు వేలల్లో ఉంటుంది. మధ్యతరగతి ఇంటికి ఇది ఎంత బరువో మీరే లెక్కవేసుకోండి. వ్యాధి మెదడుకు పాకితే మోతాదు ఇంకా పెంచుతారు. నర్సింగ్ చదవబోయేవారు ఒకటి గుర్తుంచుకోవాలి: ఈ మందును 5 శాతం డెక్స్‌ట్రోజ్ నీళ్ళలోనే కలపాలి. ఉప్పునీటి సెలైన్‌లో కలిపితే విరిగి అడుగున చేరుతుంది. అయితే కిడ్నీని కాపాడడానికి మందుకు ముందు విడిగా సెలైన్ ఎక్కిస్తారు. పొటాషియం, మెగ్నీషియం మూత్రంలో పోతుంటాయి కనుక వాటినీ, క్రియాటినిన్‌నూ తరచూ చూస్తారు.

ఎంత తొందరగా మొదలుపెట్టాలి? అమెరికాలోని హ్యూస్టన్‌లో రక్తసంబంధ కాన్సర్ ఉండి ఈ వ్యాధి వచ్చినవారిని గురించి 2008లో ఒక పరిశీలన వెలువడింది. ఆంఫోటెరిసిన్ ఆరు రోజులు లేదా అంతకుమించి ఆలస్యమైనవారిలో 12 వారాలలో చనిపోయినవారు సుమారు 83 శాతం. ముందే మొదలుపెట్టినవారిలో సుమారు 49 శాతం. వారు అవయవమార్పిడి రోగులు కారు, నిజమే. అయినా వీరిలోనూ బూజు వేగంగానే పాకుతుంది. అందుకే వర్ధనం ఫలితం కోసం ఆగకుండా, సూక్ష్మదర్శినిలో వెడల్పాటి తంతువులు కనిపించిన రోజే మందు ఎక్కిస్తారు.

మందు ఒక్కటే చాలదా అంటే, చాలదు. కారణం మనం ఇంతకుముందే చూశాం. మందు రక్తంలో ప్రయాణిస్తుంది. బూజు రక్తనాళాలను మూసేసింది. రక్తం చేరని చోటికి మందూ చేరదు. కాబట్టి చచ్చిన కణజాలాన్ని కోసి తీసేయాలి. శస్త్రవైద్యుడికి ఇక్కడ హద్దు చెప్పేది రక్తమే. కోసినచోట ఎర్రగా రక్తం ఊరేవరకు తీస్తారు. చాలాసార్లు ఎండోస్కోప్‌తో ముక్కులోనుంచే, ముఖం మీద గాటు లేకుండా చేయగలుగుతున్నారు. ఒక్కసారితో అయిపోదు, రెండు మూడు రోజులకు మళ్ళీ చూసి, కొత్తగా నల్లబడ్డది ఉంటే మళ్ళీ తీస్తారు. అంగిలి పోతే, తినడానికీ మాట్లాడడానికీ వీలుగా దంతవైద్యులు కృత్రిమ పలక అమరుస్తారు. కంటిగుంతలోకి పాకితే కన్ను తీసేయాలా అన్న ప్రశ్న వస్తుంది. ఒకప్పుడు వెంటనే తీసేసేవారు. ఇప్పుడు చూపు మిగిలి ఉంటే ఆచితూచి నిర్ణయిస్తున్నారు. కంటిని తీసివేయడం వల్ల ప్రాణం తప్పక నిలుస్తుందన్న గట్టి రుజువు లేదు.

ఇక మూడోది. నా దృష్టిలో ఈ పాఠంలో అన్నిటికన్నా కష్టమైనది ఇదే. మందు బూజును అదుపులో పెడుతుంది, కత్తి దాని బరువు తగ్గిస్తుంది. మిగిలినదాన్ని ఊడ్చేయవలసింది రోగి సొంత తెల్లరక్తకణాలు. వాటిని మనమే కట్టేశాం. ఇప్పుడు కట్లు విప్పాలి. విప్పితే అవి బూజు మీదికే పోతాయా? కొత్త కిడ్నీ మీదికి కూడా పోతాయి.

మామూలుగా మైకోఫినోలేట్‌ను ముందు ఆపుతారు. టాక్రోలిమస్ తగ్గిస్తారు. స్టీరాయిడ్‌ను వీలైనంత చిన్న మోతాదుకు దింపుతారు. నెలల తరబడి వాడినవారికి దాన్ని ఒక్కసారిగా ఆపకూడదు, ఎందుకంటే అడ్రినల్ గ్రంథులు తమ పని మరచిపోయి ఉంటాయి. ఇన్సులిన్‌తో షుగర్‌ను గట్టిగా అదుపులోకి తెస్తారు. ఇదంతా చేస్తూ క్రియాటినిన్ పెరుగుతోందా అని చూస్తుంటారు. పెరిగితే అది ఆంఫోటెరిసిన్ వల్లా, తిరస్కరణ వల్లా? మొదటిదైతే మందు మోతాదు గురించి ఆలోచించాలి. రెండోదైతే మామూలు రోజుల్లో స్టీరాయిడ్ ఇచ్చేవారు. ఇప్పుడు స్టీరాయిడ్ ఇవ్వడమంటే బూజుకు అన్నం పెట్టడమే.

ఎంతవరకు విప్పవచ్చన్నది ఏ అవయవం అన్నదాన్ని బట్టి ఉంటుంది. కిడ్నీ పోయినా మనిషి డయాలసిస్ మీద బతుకుతాడు. అందుకే ప్రాణాపాయం ఉన్నప్పుడు డాక్టర్లు కిడ్నీని వదులుకోవడానికైనా సిద్ధపడి మందులు బాగా తగ్గిస్తారు. కాలేయం, గుండె మార్చినవారి విషయంలో ఈ వెసులుబాటు లేదు. ఆ అవయవం చేసే పనిని ఏళ్ళ తరబడి మోసే డయాలసిస్‌లాంటి యంత్రం మామూలు ఆస్పత్రుల్లో లేదు. అక్కడ మందు తగ్గించడమూ ప్రమాదమే, తగ్గించకపోవడమూ ప్రమాదమే. రోజూ రక్తపరీక్షలు చూసుకుంటూ వెంట్రుకవాసిలో నడవాలి.

మన రోగి విషయంలో ఈ మాట ఆయన తల్లికి ఎవరో ఒకరు చెప్పాలి. ‘అమ్మా, మీరిచ్చిన కిడ్నీ పోయే అవకాశం ఉంది, అయినా మందు తగ్గించక తప్పదు’ అని. వైద్యవిద్యలో ఈ వాక్యాన్ని ఎలా చెప్పాలో నేర్పే పాఠ్యపుస్తకం నేను చూడలేదు. చాలామంది తల్లుల జవాబు మాత్రం మనం ఊహించగలం.

మాత్రలకు మారాక

కొన్ని వారాల తర్వాత వ్యాధి వెనక్కి తగ్గుతుంటే సూదిమందు నుంచి మాత్రలకు మారుస్తారు. అమెరికాలో 2006లో ఆమోదం పొందిన పోసకోనజోల్, 2015లో ఆమోదం పొందిన ఐసవుకోనజోల్ మ్యూకర్ వర్గం మీద పనిచేస్తాయి. పోసకోనజోల్ మాత్రలైతే మొదటిరోజు రెండుసార్లు, తర్వాత రోజుకొకసారి 300 మిల్లీగ్రాములు, నెలల తరబడి. అమ్మకిడ్నీకి ఇవి ఆంఫోటెరిసిన్ చేసేటంత హాని చేయవు. అయితే వీటిలో ఒక మెలిక ఉంది.

టాక్రోలిమస్‌ను మన కాలేయంలో, పేగుల్లో ఒక ఎంజైము విరగ్గొడుతుంది. దాని పేరు సి.వై.పి.3ఎ4. పోసకోనజోల్, వోరికోనజోల్ ఈ ఎంజైమును అడ్డుకుంటాయి. అప్పుడు వేసుకున్న టాక్రోలిమస్ విరగక రక్తంలో పేరుకుంటుంది. పాత మోతాదే కొనసాగిస్తే కొద్దిరోజుల్లో విషస్థాయికి చేరుతుంది. చేతులు వణుకుతాయి, కిడ్నీ దెబ్బతింటుంది, అణగకూడనంతగా రోగనిరోధకశక్తి అణగుతుంది. అంటే బూజును చంపే మాత్రే బూజుకు మేలు చేసినట్టవుతుంది. అందుకని పోసకోనజోల్ మొదలుపెట్టేటప్పుడే టాక్రోలిమస్‌ను సుమారు మూడోవంతుకు తగ్గించి, రక్తంలో దాని స్థాయిని తరచూ కొలుస్తారు. ఐసవుకోనజోల్‌తో ఈ పెరుగుదల తక్కువ. అయినా కొలవక తప్పదు.

ఈ కాలంలో రోగి చేయవలసినవీ కొన్ని ఉన్నాయి. ఇల్లు కూల్చేచోట, కట్టేచోట, పేడ ఎరువు కలిపేచోట ఉండకూడదు. ఉండక తప్పకపోతే మంచి మాస్కు కట్టుకోవాలి. షుగర్ రోజూ చూసుకోవాలి. ముఖం ఒకపక్క తిమ్మిరి, ఒకపక్క పన్ను కదలడం, కంటివాపు, ఒకటి రెండుగా కనిపించడం, అంగిలి మీద నల్లమచ్చ, ముక్కులోనుంచి నల్లగా లేదా రక్తపుజీరతో రావడం, వీటిలో ఏది కనిపించినా మందులషాపుకు కాదు, అదేరోజు కిడ్నీమార్పిడి చేసిన ఆస్పత్రికి వెళ్ళాలి. జ్వరం లేదు కదా అని ఆగడానికి లేదు. స్టీరాయిడ్ వేసుకునేవారికి జ్వరం రాకపోవచ్చు. మీ ఇంట్లోనో, మీ వీధిలోనో అవయవమార్పిడి చేయించుకున్నవారుంటే ఈ పేరా వారికి చదివి వినిపించండి.

చివరికి ఎండోస్కోప్‌లో ముక్కులోపల గులాబిరంగు పొర తిరిగి కమ్ముకుని, ఎం.ఆర్.ఐ.లో కొత్త మచ్చలేవీ లేకపోతే పోసకోనజోల్ ఆపుతారు. ఆ రోజు ఇంట్లో పండగే. కాని డాక్టరు చీటీలో ఇంకొక పంక్తి ఉంటుంది. అడ్డుగా ఉన్న మాత్ర పోయింది కనుక కాలేయంలోని ఆ ఎంజైము మళ్ళీ పని మొదలుపెడుతుంది. మూడోవంతుకు తగ్గించిన టాక్రోలిమస్ ఇప్పుడు చాలదు. ఎవరూ గమనించకపోతే కొద్ది వారాల్లో తిరస్కరణ రావచ్చు. అందుకే ఆఖరి పోసకోనజోల్ మాత్ర వేసుకున్న వారంలోనే టాక్రోలిమస్ స్థాయి కొలవడానికి రక్తం ఇవ్వాలి. మోతాదు మళ్ళీ సరిపడేవరకు వారం వారం ఇస్తూనే ఉండాలి.